జీవో తేదీలు, మనుషుల తరాలు: రంపచోడవరం ఏజెన్సీ కొలువుల్లో పెద్దలూ పిన్నలూ

ఒకే చోట పనిచేసే వేర్వేరు వయసులవారి మధ్య తలెత్తే పొరపొచ్చాలను తరాల సంఘర్షణ అంటారు. జీతం, పదోన్నతి, బదిలీ, పని చేసే పద్ధతి, మాట తీరు, ఎవరి అనుభవానికి ఎంత విలువ అన్న ప్రశ్న, వీటిలో దేనిమీదైనా అది రాజుకోవచ్చు. ఇంట్లోనూ ఊళ్లోనూ పెద్దా చిన్నా వరస ముందే తేలి ఉంటుంది. కొలువులో మాత్రం వయసు వరస ఒకటి, హోదా వరస మరొకటి పక్కపక్కనే నడుస్తాయి. గిరిజన ప్రాంతమైన రంపచోడవరంలో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రాజెక్టు అధికారిగానో సబ్ కలెక్టరుగానో వచ్చేవారు తరచుగా ఉద్యోగపు తొలి ఏళ్లలో ఉన్న యువ ఐఏఎస్‌లు. వారి ముందు ఫైలు పెట్టి నిలబడే సూపరింటెండెంటు ఒక్కోసారి వారి తండ్రి ఈడువాడు. అయినా అక్కడ గొడవ రావడం అరుదు. ఎవరు ఎవరికి లోబడాలో రూలు తేల్చి చెప్పింది కాబట్టి, లోపల ఎలా ఉన్నా పైకి ఇద్దరూ సర్దుకుంటారు. ఒకే పని చేస్తూ వేర్వేరు షరతులమీద చేరినవారి మధ్య మాత్రం నిప్పు ఆరదు.

ఈ తేడాను గమనించకుండా తరాల గురించి రాసిన పుస్తకాలు బోలెడు. పుట్టిన సంవత్సరాలనుబట్టి మనుషులకు పేర్లు పెట్టి, ఫలానా ఏళ్ల మధ్య పుట్టినవారు విధేయులు, ఫలానావారు తొందరపాటు మనుషులు అని చెప్పే పద్ధతి అమెరికాలో బయల్దేరింది. విలియం స్ట్రాస్, నీల్ హోవ్ 1991లో వెలువరించిన పుస్తకం దానికి బాగా ప్రచారం తెచ్చింది. బేబీ బూమర్లు, మిలీనియల్స్ వంటి ఆ పేర్లు హైదరాబాదు ఐటీ కంపెనీల శిక్షణ తరగతుల్లోనూ వినిపిస్తాయి. పరిశోధకులు వీటికి అంత విలువ ఇవ్వరు. ఉద్యోగ సంతృప్తి, సంస్థపట్ల నిబద్ధత, ఉద్యోగం మానేయాలన్న ఆలోచన అనే మూడు విషయాల్లో తరాలమధ్య తేడా ఎంతో తేల్చడానికి డేవిడ్ కోస్టాంజా బృందం 2012లో 20 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసింది. కనిపించిన తేడా చాలా స్వల్పం, కొన్నిచోట్ల దాదాపు శూన్యం. అమెరికా జాతీయ అకాడమీలు 2020లో ఇచ్చిన నివేదిక కూడా, ఉద్యోగుల నిర్వహణకు ఈ తరాల ముద్రలను ఆధారం చేసుకోవద్దనే చెప్పింది.

మూడు వేర్వేరు సంగతులు కలగాపులగం కావడమే ఇక్కడి చిక్కు. మొదటిది వయసు ప్రభావం: పాతికేళ్లవాడికి పిల్లల ఫీజులు, తల్లిదండ్రుల మందుల ఖర్చు ఉండవు కాబట్టి అధికారితో వాదించగలడు. అతడే యాభై దాటాక వాదించడు. రెండోది కాల ప్రభావం: సెల్‌ఫోను, కరోనా, ధరల పెరుగుదల అన్ని వయసులవారినీ ఒకేసారి తాకుతాయి. మూడోది జట్టు ప్రభావం, అంటే ఒక నిర్దిష్ట కాలంలో ఉద్యోగంలోకి వచ్చినవారికి మాత్రమే కలిగిన అనుభవం. అది జీవితాంతం వారి వెంట ఉంటుంది. కారల్ మన్‌హైమ్ అనే సామాజిక శాస్త్రవేత్త తరాల సమస్యమీద 1928లో రాసిన వ్యాసంలో ఈ మూడోదానికే పెద్దపీట వేశాడు. ఒకే ఏడాది పుట్టినంత మాత్రాన ఒక తరం కాదు, చరిత్రలో ఒకే మలుపును కలిసి దాటినవారే ఒక తరం అన్నది అతని వాదన సారం.

తెలుగునేలమీద సర్కారు కొలువుల్లో ఆ మలుపు చాలాసార్లు ఒక జీవో తేదీ. కార్యాలయంలో ఇద్దరు గుమాస్తాలు ఎడమొగం పెడమొగంగా ఉంటే వారి పుట్టిన తేదీలకంటే చేరిన తేదీలు అడిగితేనే కారణం త్వరగా తెలుస్తుంది. రంపచోడవరం వంటి ఏజెన్సీ కేంద్రంలో ఇది మరింత నిజం. అక్కడ పెద్ద ప్రైవేటు పరిశ్రమలు లేవు. ఐటీడీఏ, ఆశ్రమ పాఠశాలలు, ఏరియా ఆసుపత్రి, అటవీ శాఖ, గిరిజన సహకార సంస్థ, గ్రామ సచివాలయాలు, ఇవే నెల జీతం ఇచ్చేవి. ఒక్క ఉద్యోగం ఒక వంశాన్ని కొండమీదినుంచి మండల కేంద్రంలో పక్కా ఇంటిదాకా తీసుకురాగలదు. పోటీ అంతగా ఉన్నచోట చేరిన తేదీకి బరువు ఎక్కువ.

ఈ జీవో తేదీలకు ముందు, కొలువు వంశానికి చెందినప్పుడు తరాల గొడవ ఇంట్లోనే ముగిసేది. రంపచోడవరం చుట్టుపక్కల రంప దేశంలో మన్సబుదారు కింద ముఠాదార్లు ఉండేవారు. కల్లుమీద వేసిన చిగురు పన్ను మొదలైన వసూళ్లమీద 1879లో రేగిన రంప తిరుగుబాటు అణగారాక, ఆంగ్లేయులు మన్సబుదారును తప్పించి ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు కుదుర్చుకున్నారు. ముఠాదారు శిస్తు వసూలు చేసేవాడు, తగవులు తీర్చేవాడు, పోలీసులకు కబురు పంపేవాడు. తండ్రి తరవాత కొడుకు. 1969 నాటి ముఠాల రద్దు రెగ్యులేషన్‌తో ఆ వ్యవస్థ చట్టరీత్యా పోయి రైత్వారీ వచ్చింది.

మైదానంలో అదే పని 1984లో జరిగింది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆ ఏడాది జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామాధికారుల పదవులను ఒక్క వేటుతో రద్దు చేసింది. టి.వెంకటరెడ్డి కేసులో సుప్రీంకోర్టు 1985లో ఆ రద్దును సమర్థించింది. ప్రజాస్వామ్యం దృష్ట్యా అది జరగవలసిన పనే. జరిగిన తీరులో ఒక లోటు ఉంది. తాతల నాటినుంచి ఊరి సర్వే నంబర్లను నోటిమీద ఉంచుకున్న కరణాలు ఇళ్లకు పోయారు, వారి స్థానంలో కొత్తగా నియమితులైనవారు కూర్చున్నారు. ఇద్దరూ ఒక బల్ల దగ్గర కలిసి కూర్చున్న రోజులు లేవు. చాలా ఊళ్లలో పాత దస్త్రాలు కరణం గారి ఇంటి పెట్టెల్లోనే ఉండిపోయాయి. తరాల గొడవ అస్సలు జరగకుండానే ఒక తరం వెళ్లిపోతే ఎంత నష్టమో భూమి తగాదాలున్న ఏ రైతునడిగినా చెబుతాడు.

అంతకు ఏడాది ముందు జరిగినది తెలుగువారి ఉద్యోగ చరిత్రలోకెల్లా సూటిగా తరాల తగాదా అనదగిన ఘట్టం. 1983 జనవరిలో అధికారంలోకి వచ్చిన ప్రభుత్వం ఫిబ్రవరిలో పదవీ విరమణ వయసును 58నుంచి 55కు తగ్గించింది. ఆ నెల 28నే అది అమల్లోకి వచ్చింది. సుమారు 18 వేలమంది ప్రభుత్వోద్యోగులు, మరో 10 వేలమంది ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగులు దాదాపు ఒక్క దెబ్బన ఇంటికి వెళ్లవలసి వచ్చింది. చదువుకున్న నిరుద్యోగ యువకులకు ఖాళీలు కల్పించడం సర్కారు చెప్పిన కారణాల్లో ప్రధానమైనది. కొడుక్కి ఉద్యోగం కావాలంటే తండ్రి దిగిపోవాలని ప్రభుత్వమే అన్నట్టయింది. సంఘాలు భగ్గుమన్నాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. కె.నాగరాజు కేసులో 1985 జనవరిలో ధర్మాసనం వయసు తగ్గింపును సమర్థించింది. అప్పటికే, 1984 ఆగస్టు 23నుంచి, వయసు మళ్లీ 58కి చేరింది. అయితే మధ్యలో దిగిపోయినవారికి ఆ మేలు దక్కలేదు. ఒక రోజు తేడాతో పుట్టిన ఇద్దరిలో ఒకరు ఇంట్లో, ఒకరు కార్యాలయంలో ఉన్నారు. బి.ప్రభాకరరావు కేసులో 1985లోనే సుప్రీంకోర్టు ఈ వివక్షను కొట్టేసి, 58 నిండనివారిని తిరిగి తీసుకోమంది. వారు తిరిగి వచ్చేసరికి వారి కుర్చీల్లో పదోన్నతి పొందిన జూనియర్లు ఉన్నారు. ఆ కార్యాలయాల్లో ఆనాడు పలకరింపులు ఎలా సాగి ఉంటాయో ఊహించుకోవచ్చు.

తరవాతి ప్రభుత్వాలు దీనికి ఎదురు దారి పట్టాయి. రాష్ట్ర విభజన జరిగిన 2014 జూన్‌నుంచి ఆంధ్రప్రదేశ్‌లో విరమణ వయసు 60 అయింది. 2022 జనవరి 1నుంచి 62. తెలంగాణ 2021లో 58నుంచి 61కి పెంచింది. పెంచినప్పుడల్లా పెద్దవారు ఊపిరి పీల్చుకుంటారు, కింది మెట్టుమీది జూనియర్ అసిస్టెంటు పదోన్నతి రెండేళ్లు వెనక్కి జరుగుతుంది, బయట నిలబడిన నిరుద్యోగి మరీ వెనకబడతాడు. 2021 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 10,143 పోస్టులతో జాబ్ క్యాలెండర్ ప్రకటిస్తే ఇవేమి లెక్కలని యువకులు రోడ్డెక్కారు. ఏడు నెలలు తిరగకుండానే విరమణ వయసు పెంపు వచ్చింది. పెంపువల్ల ఒకేసారి చెల్లించవలసిన విరమణ ప్రయోజనాల భారం ఖజానాకు వాయిదా పడుతుంది. ఈ సంగతి తెలిసినవారికి పెద్దలమీద గౌరవంతోనే వయసు పెంచారన్న మాట అంత సులువుగా మింగుడుపడదు.

విరమణ వయసుకంటే లోతైన గీత పింఛను. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన రాష్ట్ర ఉద్యోగికి చివరి జీతంలో సగందాకా పింఛను, దానిమీద కరువు భత్యం. ఆ తేదీన గాని తరవాత గాని చేరినవారిది భాగస్వామ్య పింఛను పథకం, అందరి నోట్లో సీపీఎస్. జీతంలో పదో వంతు కోత, దానికి సర్కారు వాటా, చివరికి వచ్చేది మార్కెట్ దయ. ఒకే బడిలో, ఒకే తరగతికి, ఒకే పాఠం చెప్పే ఇద్దరు మాష్టర్లలో ఒకరికి ముసలితనం గురించి దిగులు లేదు, ఇంకొకరికి అదే దిగులు. సంఘం సమావేశాల్లో సీపీఎస్ రద్దు నినాదం ఎత్తుకునేది కుర్రవాళ్లు, వేదికమీద కూర్చున్న నాయకుల్లో చాలామంది పాత పింఛనువారు. తమకోసం వీళ్లు మనసుపెట్టి కొట్లాడరన్న అనుమానం చాలా సంఘాల్లో లోలోపల ఉంది. కొత్త సంఘాలు వేరే జెండాతో పుట్టడానికి అది ఒక కారణం. 2023లో వచ్చిన గ్యారెంటీ పింఛను చట్టం కూడా ఈ గీతను చెరపలేదు. గీతకు అటూ ఇటూ కానివారూ ఉన్నారు. డీఎస్సీ-2003 నియామక పరీక్ష రాసిన ఉపాధ్యాయులు నోటిఫికేషన్ నాటికి పాత పింఛనులో ఉన్నట్టు, చేరేనాటికి కొత్త పథకంలో పడ్డట్టు. సర్కారు నియామకాల్లో చేసిన ఆలస్యం తమ నెత్తిన ఎందుకని వారు అడుగుతూనే ఉన్నారు. కేంద్రం 2023 మార్చిలో ఇలాంటి తన ఉద్యోగులకు పాత పింఛను ఎంచుకునే వెసులుబాటు ఇచ్చాక వారి గొంతు మరింత పెరిగింది.

ఏజెన్సీ బడుల కథలో ఈ గీతలన్నీ ఒకదానిమీద ఒకటి పడ్డాయి. మైదానంనుంచి వచ్చిన ఉపాధ్యాయులు కొండ పల్లెల్లో నిలవకపోవడం పాత జబ్బు. ఏజెన్సీ పోస్టింగును శిక్షగా చూసే అలవాటు శాఖలన్నిటా ఉంది. వర్షాకాలం వాగు పొంగిందంటే బడి మూతే. దీనికి విరుగుడుగా షెడ్యూల్డు ప్రాంతాల్లోని ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయిస్తూ 2000 జనవరి 10న ప్రభుత్వం జీవో నంబరు 3 ఇచ్చింది. రంపచోడవరం, మారేడుమిల్లి, అడ్డతీగల, వై.రామవరం, రాజవొమ్మంగి మండలాల్లో కొండరెడ్డి, కోయదొర, కొండకమ్మర కుటుంబాలనుంచి ఎందరో మొదటితరం ఉపాధ్యాయులు దాని నీడలో వచ్చారు. ఊరి పిల్లల యాస తెలిసిన, సెలవుకు పట్నం పారిపోనవసరం లేని మాష్టర్లు వారు. ఆ జీవోను చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పటిదాకా జరిగిన నియామకాలను మాత్రం, ముందుముందు రిజర్వేషన్ హద్దు దాటరాదన్న షరతుమీద, కదపలేదు.

తీర్పు ఫలితం తరాలమధ్య విచిత్రంగా పంపకమైంది. అన్న ఉద్యోగం నిలిచింది, అదే చదువు చదివిన తమ్ముడి దారి ఇరుకయింది. 2000నుంచి 2020దాకా చేరినవారికి అది గండం గడిచిన ఊరట. బీఈడీ, టెట్ ముగించి డీఎస్సీకోసం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నవారికి అది తమ గుమ్మం ముందు మూసిన తలుపు. రంపచోడవరం, పాడేరు ఏజెన్సీల్లో బందులు, ర్యాలీలు జరిగాయి. రద్దయిన జీవోకు బదులు చట్టం తేవాలన్నది గిరిజన సంఘాల డిమాండు. ఈ ఉద్యమంలో పాత ఉపాధ్యాయులు ఎంతవరకు కలిసివచ్చారన్నది చిన్నవారు అడిగే సూటి ప్రశ్న. తమ నియామకాల ప్రస్తావన మళ్లీ కోర్టుకెక్కుతుందేమోనన్న భయం పెద్దలకు ఉంటే దాన్ని పిరికితనం అని కొట్టిపారేయలేం. రాష్ట్రంలో 16,347 పోస్టులతో 2025 ఏప్రిల్‌లో మెగా డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చినప్పుడు కూడా ఏజెన్సీ పోస్టులను దానినుంచి వేరుచేయాలన్న కోరికే గిరిజన అభ్యర్థుల నోట ముందు వినిపించింది.

ఒక ఆశ్రమ పాఠశాల స్టాఫ్ రూమును దగ్గరగా చూస్తే ఎన్ని తరాలు ఒక గదిలో ఉన్నాయో తెలుస్తుంది. కిటికీ పక్క కుర్చీ హెచ్‌ఎంది. పాత పింఛను, ఇక రెండేళ్ల సర్వీసు. దాని పక్కన జీవో 3 కింద వచ్చి సీపీఎస్‌లో ఉన్న నడివయసు మాష్టారు. గోడవైపు బల్ల కాంట్రాక్టు ఉపాధ్యాయులది. అందరి నోట్లో వాళ్లు సీఆర్టీలు. పదేళ్లు దాటినా ఏటా రెన్యువల్ ఉత్తర్వుకోసం చూడవలసినవారు. తలుపు దగ్గర కొత్త డీఎస్సీ టీచరు, వయసులో అందరికంటే చిన్న, జీతంలో సీఆర్టీకంటే మిన్న. ఎవరు ఎప్పుడు చేరారో తెలియనివారికి ఆ కుర్చీల వరస అర్థం కాదు. కొత్తగా వచ్చిన అమ్మాయి ‘అన్నా, ఆ హాజరు రిజిస్టరు ఇటివ్వండి’ అని సీఆర్టీని అడిగితే ఆ అన్నకు చివుక్కుమంటుంది. ఆమె తప్పేమీ లేదు. ఆమె పరీక్ష రాసి నెగ్గింది. ఆయన అవే పాఠాలు ఆమె ఇంటర్ చదివేనాటినుంచీ చెబుతున్నాడు.

వయసూ సర్వీసూ ఒకటి కావనడానికి ఇంకా పదునైన ఉదాహరణ డీఎస్సీ-1998. ఆనాడు అర్హత సాధించి, ఎంపిక వివాదాల్లో చిక్కి ఉద్యోగం దక్కనివారు పాతికేళ్లు కోర్టులచుట్టూ, సచివాలయంచుట్టూ తిరిగారు. చివరకు 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వారిలో వేలమందిని కనీస వేతన స్కేలుమీద కాంట్రాక్టు పద్ధతిలో తీసుకుంది. అప్పటికి చాలామందికి యాభై దాటింది. మనవలను ఎత్తుకునే వయసులో కొందరు ‘కొత్త టీచరు’ అయ్యారు. వారి పక్క తరగతిలో వారికంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు సీనియరు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్న సామెత అక్కడ పనిచేయలేదు. పెద్దల మాట చద్దిమూట అన్నదీ పనిచేయలేదు.

2019లో వచ్చిన గ్రామ, వార్డు సచివాలయాలు మరో తరాన్ని ఒక్కసారిగా పుట్టించాయి. సుమారు లక్షా ఇరవై ఆరువేల పోస్టులకు నోటిఫికేషన్, సెప్టెంబరులో పరీక్షలు, గాంధీ జయంతినాడు తూర్పుగోదావరి జిల్లా కరపలో ప్రారంభం. కొన్ని నెలల్లో రాష్ట్రమంతటా పాతికేళ్ల ప్రాయంవారు పంచాయతీ కార్యాలయాల్లో నిండిపోయారు. రంపచోడవరం అప్పట్లో అదే జిల్లాలో ఉండేది. 2022 ఏప్రిల్‌లో కొత్తగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి మారింది. డిజిటల్ అసిస్టెంటు, విలేజ్ సర్వేయరు, ఇంజనీరింగ్ అసిస్టెంటు, సంక్షేమ సహాయకుడు, ఏఎన్‌ఎం, మహిళా పోలీసు ఒకే కప్పు కింద చేరారు. రెండేళ్లదాకా నెలకు 15 వేల రూపాయల స్థిర వేతనం. రెండేళ్లు నిండినా ప్రొబేషన్ ఖరారు కాలేదని 2022 జనవరిలో వారు విధులు బహిష్కరించారు. ఆ ఏడాది మధ్యలో గాని ఖరారు ఉత్తర్వులు రాలేదు. అది ఆ తరానికి తొలి సమ్మె పాఠం.

పాత రెవెన్యూ, పంచాయతీ సిబ్బందితో వారి ఘర్షణకు మూలం పనిముట్టు. పాత సర్వేయరు గొలుసు, క్రాస్ స్టాఫు, ఎఫ్.ఎం.బి. పటం పట్టుకుని గట్టు గట్టూ తిరిగి పని నేర్చుకున్నవాడు. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే డ్రోను, రోవరు, ఉపగ్రహ సంకేతాలతో నడిచింది. రోవరు పట్టుకున్న కుర్రవాడికి అంగుళాల్లో కొలత వస్తుంది. ఆ గట్టు పదిహేనేళ్ల కిందట ఎవరు ఎందుకు జరిపారో అతనికి తెలియదు. అది తెలిసిన పెద్దాయన యాప్‌లోకి లాగిన్ కాలేడు. ఒకరిదగ్గర కొలత, మరొకరిదగ్గర చరిత్ర. ఇద్దరూ కలిస్తేనే సరిహద్దు తేలుతుంది. కలవకపోతే ఊరు మళ్లీ తహసీల్దారు కార్యాలయం మెట్లెక్కుతుంది.

బడుల్లోనూ ఫోనుతోనే తంటా. ముఖం చూపి హాజరు వేసే యాప్‌ను ప్రభుత్వం 2022 ఆగస్టులో ఉపాధ్యాయులకు తప్పనిసరి చేసినప్పుడు సంఘాలు వ్యతిరేకించాయి. ఫోను మాదే, డేటా మాదే, సిగ్నలు ఎక్కడిదని అడిగాయి. మైదానంలో అది వాదన, కొండలమీద అది దినచర్య. వై.రామవరం ఎగువ పల్లెల్లాంటి చోట సిగ్నలుకోసం బడి వదిలి గుట్టెక్కాలి. గుట్టమీద బండ పక్కన రెండు గీతలు కనబడగానే అందరి ఫోనులూ పైకి లేస్తాయి. పెద్దవారు తమ ఫోనులు కుర్రవాళ్ల చేతిలో పెట్టి ‘నాదీ కొట్టెయ్యి బాబూ’ అంటారు. మొదట్లో అది ముచ్చటగానే ఉంటుంది. నెలలు గడిచి, మధ్యాహ్న భోజనం లెక్క, యూనిఫారాల వివరం అన్నీ ఒక్కడి నెత్తిన పడ్డాక ఆ బాబుకు విసుగు వస్తుంది. పాఠం చెప్పడానికి వచ్చానా, ఆపరేటరుగానా అంటాడు. పెద్దవారికి అది పొగరుగా వినబడుతుంది. నిజానికి అతడు అడిగింది జీతంలేని పనికి లెక్క.

బదిలీల నియమాలు ఈ పుండుమీద కారం. దుర్గమ ప్రాంతంలో పనిచేసిన ఏళ్లకు ఎక్కువ పాయింట్లు ఇస్తారు. అవి పోగయ్యాక పెద్దవారు రోడ్డు పక్క బడికో, గోకవరంవైపో దిగుతారు. ఖాళీ అయిన కొండమీది బడికి కొత్తవారు ఎక్కుతారు. నియమం న్యాయమైనదే. ఫలితం మాత్రం అనుభవజ్ఞులు కిందా, అనుభవం లేనివారు పైనా. ఒక్క టీచరే ఉన్న బడిలో మొదటి ఏడాది కుర్రవాడికి సలహా చెప్పే మనిషి పక్కన ఉండడు.

ఆఫీసు గడప దాటితే ఏజెన్సీలో ఇంకా పాత పనిచోట్లు ఉన్నాయి. వాటిని తరాల చర్చలో ఎవరూ లెక్కించరు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ ఆశా కార్యకర్తలను తెచ్చింది. ఊళ్లోనే కాపురముంటున్న, పాతికనుంచి నలభైఅయిదు ఏళ్లలోపు స్త్రీని, వీలైతే ఊరి కోడల్ని ఎంచుకోమన్నది నియమం. అంతకుముందే ఊళ్లో కాన్పులు చూసే మంత్రసాని ఉంది. చాలాసార్లు ఆమె ఈ కోడలికి అత్త వరస. నెలలు నిండిన గర్భిణిని ఏరియా ఆసుపత్రికి తరలించాలని కోడలు, ‘ఏం, నా చేతిలో పుట్టినోళ్లు బతకలేదా’ అని అత్త. వైద్యశాస్త్రం కోడలి పక్షాన ఉంది, అందులో రాజీ లేదు. రక్తస్రావం ఆగకపోతే అత్త చేతిలో మందు లేదు. కాని గర్భిణి భయం పోగొట్టి జీపెక్కించగలిగేది ఆ అత్తే. ఆమెను ఆసుపత్రిదాకా తోడు తీసుకువెళ్లే ఆశాకు పని సులువు. ఆమెను దాటుకుని పోయే ఆశాకు ఊళ్లో తలుపులు మూతపడతాయి.

అడవి సరుకు ఇంకొక పనిచోటు. 1956లో ఏర్పడి విశాఖపట్నం కేంద్రంగా నడిచే గిరిజన సహకార సంస్థ, అంటే జీసీసీ, చింతపండు, తేనె, తపసి జిగురు, కరక్కాయ, కుంకుడు, కొండచీపుళ్లు సంతల్లో కొంటుంది. తపసి చెట్టుకు గొడ్డలితో లోతుగా గాటు పెట్టి జిగురు తీయడం పాత అలవాటు. చెట్టు తొందరగా చచ్చేది. కోవెల్ ఫౌండేషన్ వంటి సంస్థలు లోతు తక్కువ చిన్న గాట్లు, శుభ్రమైన సేకరణ నేర్పాయి. తేనెలోనూ అంతే. పట్టు మొత్తం కాల్చి పిండకుండా తేనె ఉన్న భాగమే కోసే పద్ధతి వచ్చింది. శిక్షణకు వెళ్లేది యువకులు, ఇంటికి వచ్చి తండ్రికి నేర్పవలసిందీ వారే. కొడుకు తండ్రికి పని నేర్పడం ఏ ఇంట్లోనూ సులభం కాదు. ఇక్కడ తీర్పు చెప్పింది ధర. శుభ్రమైన జిగురుకు మంచి గ్రేడు పడితే తండ్రి మారతాడు, పడకపోతే గొడ్డలే.

పోడు పొలంలో వరస తలకిందులు. ఇక్కడ సమాచారం పెద్దవారిది, డబ్బు ఆలోచన చిన్నవారిది. క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1945లో కొండరెడ్లమీద వెలువరించిన గ్రంథంనాటికి పోడు వారి బతుకు కేంద్రం. ఏ వాలు కొట్టాలి, ఎప్పుడు కాల్చాలి, భూమి పండుగ ఏనాడు, ఇవి పెద్దలు తేల్చేవి. మామిడి కొత్త, చిక్కుడు కొత్త పండుగలు చేయకుండా ఆ పంట నోట పెట్టరాదు. ఇప్పుడు ఆ వాలుల్లో చాలామటుకు జీడిమామిడి. సామ, కొర్ర, కంది ఇంటిల్లిపాదికీ తిండి పెట్టేవి, జీడిగింజ సెల్‌ఫోను, బైకు వాయిదా కడుతుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా తండ్రి పేరున ఉంటే, తోట పెట్టాలన్న నిర్ణయం కొడుకుది, పురుగుమందు అప్పు ఇద్దరిదీ. ఈ ఇంట్లో తగాదా వచ్చినప్పుడు తీర్చడానికి హెచ్‌ఎం లేడు, సర్వీసు రూల్సు లేవు. కులపెద్ద ఉన్నాడు, ఆయన మాట వినేవారు తగ్గుతున్నారు.

ఇన్ని చోట్ల చూసినదాన్నిబట్టి కొన్ని సంగతులు తేలతాయి. నియామకాలు ఏళ్లతరబడి ఆపి ఒక్కసారి కుమ్మరిస్తే తరాలు గోడలవుతాయి. ఏటా కొద్దికొద్దిగా తీసుకుంటే అవి మెట్లవుతాయి. 1998, 2003, 2019, 2025 అని సంవత్సరాల పేర్లతో ఉద్యోగులు తమను తాము పిలుచుకోవడం నియామక విధానం మీద అభిశంసన. ఒకే పనికి నాలుగు రకాల జీతాలు ఉన్నచోట మర్యాద తరగతులు, ఆత్మీయ సమ్మేళనాలు పెట్టి లాభం లేదు. ఫోను పని తెలిసినవాడిమీద వేస్తే దాన్ని అతని పని గంటల్లో లెక్కించాలి, లేదా ఆ పనికే మనిషిని పెట్టాలి.

మిగిలింది అనుభవం చేతులు మారడం. ఇది అన్నిటికంటే తక్కువ ఖర్చుతో అయ్యేది, అన్నిటికంటే తక్కువగా జరుగుతున్నది. బదిలీ అయినవారు కొత్తవారికి చార్జి అప్పగించేటప్పుడు జాబితా రాస్తారు. అందులో బీరువాలు, రిజిస్టర్లు, తాళాలు, ట్రంకు పెట్టెలు వరస తప్పకుండా ఉంటాయి. ఏ వాగు ఏ నెలలో దారి కోస్తుందో, ఏ పల్లెలో పిల్లలు జీడిగింజల కాలంలో బడి మానేస్తారో, ఏ ఇంటి పట్టా గొడవ ఎప్పుడు మొదలైందో, కాన్పుకు ఎవరి మాట వింటారో అందులో ఉండదు. దిగిపోయేవారి తలలోంచి అది వారితోపాటే పోతుంది. కరణాల పెట్టెల్లో దస్త్రాలు పోయినట్టే ఇవీ పోతున్నాయి. చార్జి జాబితాకు ఇలాంటి నాలుగు పేజీలు కలపడానికి చట్టం అక్కర్లేదు, నిధులు అక్కర్లేదు. రంపచోడవరం ఐటీడీఏ తన పరిధిలోని బడులకు, హాస్టళ్లకు ఒక సర్క్యులర్ ఇస్తే చాలు. ఈ ఏడు బదిలీల కౌన్సెలింగ్ మొదలయ్యేలోపు ఆ కాగితం బయటికి రావాలి.